జెల్లీ షాట్స్ చేసే ముందు నేను వేసుకునే లెక్క

“అక్కా, ఇవి దేంతో గడ్డకట్టించావు?” అని అడిగింది నా స్నేహితురాలు. అప్పటికే ఆమె చేతిలో రెండు ఖాళీ జెల్లీ షాట్ కప్పులున్నాయి, అంటే మందు కలిపిన జెల్లీని గడ్డకట్టించే చిన్న కప్పులు. నేను నీళ్లు నమిలాను.

ఆమె పుట్టినప్పటి నుంచీ మాంసం ముట్టదు. ఆ సంగతి నాకు తెలుసు. జెల్లీని గడ్డకట్టించే జెలటిన్‌ని జంతువుల చర్మం, ఎముకల్లోంచి తీస్తారని కూడా తెలుసు. కానీ ఆ రోజు నలభై కప్పులు నింపే హడావుడిలో ఈ రెండింటినీ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కప్పులు పక్కన పెట్టి, లోపలికెళ్లి నోరు పుక్కిలించుకుని వచ్చింది. మరునాడు ఫోన్ చేసి క్షమించమని అడిగాను. “తెలియక తిన్నాను కదా, వదిలెయ్ అక్కా” అంది. ఆ మాట నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. తెలియక తిన్నది ఆమె, తెలిసి పెట్టింది నేను.

అదే రాత్రి ఇంకొకాయన తొమ్మిదో పదో కప్పులు వరసగా మింగేసి, “ఇందులో పెద్దగా మందు లేదు కదా?” అని అడిగాడు. దానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. సీసాలోంచి అందాజుగా పోశాను మరి.

ఇది జరిగి ఐదేళ్లవుతోంది. ఇప్పటికీ పెద్దవాళ్ల పార్టీ అంటే జెల్లీ షాట్స్ నేనే చేస్తాను, నాకు చాలా ఇష్టమైన పని అది. కాకపోతే ట్రే వంటింట్లోంచి బయటికి వచ్చే ముందు రెండు ప్రశ్నలకు జవాబు నా దగ్గర ఉండాలి. ఇది దేంతో గడ్డకట్టింది? ఒక్కో కప్పులో ఎంత ఆల్కహాల్ ఉంది?

ముందు చేసే పద్ధతి చెబుతాను. రుచి కలిపిన జెల్లీ ప్యాకెట్లు కూడా వాడొచ్చు కానీ, నేను రుచీ రంగూ లేని జెలటిన్ పొడి వైపే మొగ్గుతాను. పండ్ల రసం రుచి తెలుస్తుంది, తీపి మన చేతిలో ఉంటుంది. నా కొలత ఇది: 14 గ్రాముల జెలటిన్, 360 ఎం.ఎల్. వడకట్టిన రసం, 120 ఎం.ఎల్. వోడ్కా, రెండు మూడు చెంచాల చక్కెర. మొత్తం 480 ఎం.ఎల్. వస్తుంది. 30 ఎం.ఎల్. కప్పులైతే సరిగ్గా పదహారు.

రసంలో 120 ఎం.ఎల్. చల్లగా ఉన్నప్పుడే వెడల్పాటి గిన్నెలో పోసి, పైన జెలటిన్ పొడిని చల్లాలి. ఒకేచోట కుమ్మరిస్తే లోపల పొడి పొడిగా ఉండలు మిగిలిపోతాయి, వాటిని తర్వాత ఎంత తిప్పినా కరగవు. ఐదు నుంచి పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే రసమంతా పీల్చుకుని తడిసిన స్పాంజిలా ఉబ్బుతుంది. దీన్ని బ్లూమ్ చేయడం అంటారు. జెలటిన్ ఎంత గట్టిగా పేరుకుంటుందో కొలిచే అంకెను కూడా బ్లూమ్ అనే పిలుస్తారు. ఆ పేరు మాత్రం ఆ కొలత పరికరానికి 1925లో పేటెంట్ తీసుకున్న ఆస్కార్ బ్లూమ్‌ది.

మిగిలిన 240 ఎం.ఎల్. రసాన్ని చక్కెరతో వేడి చేసి, అంచుల్లో బుడగలు రాగానే పొయ్యి కట్టేసి, ఉబ్బిన జెలటిన్ మీద పోసి నెమ్మదిగా కలపాలి. జెలటిన్‌ని పొయ్యి మీద మరిగించకండి, పట్టు తగ్గిపోతుంది. చెంచా వెనకవైపు చూస్తే ఒక్క రవ్వ కూడా కనిపించకూడదు. ఆ తర్వాత ఆగాలి. వేలు పెడితే గోరువెచ్చగా అనిపించేదాకా ఆగి, అప్పుడు వోడ్కా పోయాలి. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి సలసలా కాగే రసంలో పోస్తే కొంత ఆవిరైపోతుంది, మన లెక్క తప్పుతుంది. పైగా ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది. వెలుగుతున్న పొయ్యి దగ్గర సీసా మూత తీయొద్దు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

కప్పుల్లో పోసి, ట్రేతో సహా ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు. నేనైతే ముందు రోజు రాత్రే చేసి పెట్టేస్తాను, పార్టీ రోజు టెన్షన్ ఉండదు. ఫ్రిజ్ వాసనలు పట్టకుండా పైన కప్పి పెట్టండి. తొందరగా అవుతుందని ఫ్రీజర్‌లో పెట్టకండి. జెల్లీలోని నీరు గడ్డకట్టి అల్లిక తెగిపోతుంది, బయటికి తీశాక నీరు ఊరుతూ జావలా తయారవుతుంది.

ఇప్పుడు లెక్క. వోడ్కా 40 శాతం అయితే 120 ఎం.ఎల్.లో స్వచ్ఛమైన ఆల్కహాల్ 48 ఎం.ఎల్. ఒక ఎం.ఎల్. ఆల్కహాల్ బరువు సుమారు 0.79 గ్రాములు, అంటే మొత్తం 38 గ్రాములు. పదహారు కప్పులకు పంచితే కప్పుకు 2.4 గ్రాములు. ‘ఒక డ్రింక్’ అని చాలా చోట్ల లెక్కగట్టేది 10 గ్రాములను, అమెరికాలో అయితే 14 గ్రాములను. ఆ లెక్కన నా కప్పులు నాలుగు తింటే ఒక డ్రింక్ తాగినట్టు. ఇదే మిశ్రమంలో రసం తగ్గించి వోడ్కాను 240 ఎం.ఎల్.కి పెంచితే రెండు కప్పులకే ఒక డ్రింక్ అయిపోతుంది. చూడ్డానికి మాత్రం రెండు కప్పులూ ఒకేలా ఉంటాయి, రుచిలో కూడా తేడా కొంచెమే. ఆ రాత్రి ఆయన అడిగినదానికి ఇప్పుడైతే చెప్పగలను.

జెల్లీలో మందు ఘాటు ఎందుకు తెలియదంటే, చల్లదనం, తీపి, పులుపు కలిసి దాన్ని కప్పేస్తాయి. గ్లాసులో అయితే గుటక గుటకకీ గొంతు చెబుతుంది. ఇక్కడ నాలుక మీద పెట్టగానే పండు రుచి వస్తుంది, కరిగేలోపే ఇంకో కప్పు చేతిలో ఉంటుంది. ఈ సంగతి ఈనాటిది కాదు. అమెరికాలో పేరున్న బార్‌టెండర్ జెర్రీ థామస్ 1862లో అచ్చు వేయించిన డ్రింకుల పుస్తకంలో పంచ్ జెల్లీ అని ఒకటి ఉంది. జెల్లీలో మందు బలం దాగిపోతుంది, మితంగా తినండి, లేకపోతే భోజనం తర్వాత డాన్సు చేయడం కష్టమని ఆయన అప్పుడే హెచ్చరించాడు. అది చదివినప్పుడు నాకు ఆ తొమ్మిది కప్పుల మనిషే గుర్తొచ్చాడు. గణిత పాఠాలు చెప్పిన గాయకుడు టామ్ లెహ్రర్ కూడా 1950లలో సైన్యంలో ఉన్నప్పుడు, మందు సీసాలకు అనుమతి లేని ఒక క్రిస్మస్ పార్టీ కోసం వోడ్కా, నారింజ జెల్లీ కలిపి కప్పుల్లో గడ్డకట్టించామని చెప్పుకున్నాడు. దాపరికం ఈ వంటకం స్వభావంలోనే ఉంది. అందుకే చేసేవాళ్లు నోరు తెరిచి చెప్పాలి.

ఇక పండ్ల సంగతి. నేను మొట్టమొదట చేసిన ట్రే అసలు గడ్డకట్టలేదు. అప్పుడే తీసిన అనాస రసం వాడాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా ఉదయం మూత తీస్తే నీళ్లే. జెలటిన్ తక్కువైందేమోనని ఇంకో 7 గ్రాములు కరిగించి పోశాను. సాయంత్రానికి కూడా నీళ్లే. తర్వాత తెలిసింది, పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది. జెలటిన్ అంటే ప్రోటీనే కదా. ఎంత పోస్తే అంతా నరికేస్తుంది. కివీ, బొప్పాయి, అంజీర్, అల్లం కూడా పచ్చిగా వాడితే ఇదే పని చేస్తాయి. రసాన్ని బాగా మరిగిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. డబ్బాలో దొరికే అనాసను ముందే వేడి చేసి ఉంటారు కాబట్టి దానితో ఇబ్బంది లేదు. నిమ్మరసం మరీ ఎక్కువైనా పట్టు కొంచెం సడలుతుంది, అలాంటప్పుడు జెలటిన్ ఇంకో రెండు గ్రాములు పెంచుతాను.

మందు ఎక్కువైనా అంతే. వోడ్కా సగం దాకా పోసినప్పుడు మామూలు కొలత జెలటిన్‌తో కప్పులోంచి మెత్తగా జారింది. అంతకు మించి నేను పోయను. గట్టిపడినా, నోట్లో బాగుండదు.

నా స్నేహితురాలి కోసం చైనా గ్రాస్‌తో చేయడం నేర్చుకున్నాను. అగర్ అగర్ అన్నా అదే. సముద్రపు నాచులోంచి వస్తుంది, పూర్తిగా శాకాహారం. కానీ జెలటిన్ స్థానంలో అదే కొలతతో వేస్తే రాయిలా అవుతుంది. 480 ఎం.ఎల్.కి పొడి 4 గ్రాములు చాలు. దీన్ని తప్పకుండా మరిగించాలి, రెండు మూడు నిమిషాలు తెర్లితే తప్ప కరగదు. జెలటిన్‌కి ఏది చేయకూడదో అదే దీనికి చేయాలన్నమాట. ఇంకో తేడా, ఇది 40 డిగ్రీల లోపుకి రాగానే బయటే, బల్ల మీదే పేరుకుపోతుంది. అందుకని గోరువెచ్చదనం కోసం ఎదురుచూస్తే గిన్నెలోనే గడ్డవుతుంది. పొయ్యి కట్టేసి, వేడి తగ్గి గిన్నెను చేత్తో కాసేపు పట్టుకోగలిగినప్పుడు వోడ్కా పోసి, గబగబా కలిపి కప్పుల్లోకి వంపేయాలి. వోడ్కా ఫ్రిజ్‌లోంచి తీసింది కాకూడదు, చల్లది పోస్తే తీగలు తీగలుగా విరుగుతుంది. నేను మొదటిసారి అలాగే పాడు చేసుకున్నాను.

జెలటిన్ ఒంటి వేడికే కరుగుతుంది కాబట్టి నాలుక మీద జారిపోతుంది. చైనా గ్రాస్ 85 డిగ్రీల దాకా కరగదు, అందుకే నమలాలి, పుటుక్కున విరుగుతుంది. రెండూ ఒకటే అని ఎవరికీ చెప్పను. కానీ దీనికో గొప్ప సుగుణం ఉంది. ఇది ప్రోటీన్ కాదు కనుక పచ్చి అనాస రసం దీన్ని ఏమీ చేయలేదు. నా మొదటి ట్రేలో ఓడిపోయిన ఆ రసమే ఇప్పుడు నా అన్ని షాట్స్‌లోకీ మంచి రుచి. ఎండ వేడికి కూడా కారిపోదు, ఆరుబయట పార్టీకి ఇదే తీసుకెళ్తాను.

పొరలు పొరలుగా చేయాలని సరదా పడేవాళ్లకు ఒక్క మాట. కింది పొర వేలికి కాస్త అంటుకునేంత గట్టిపడినప్పుడు పై పొర పోయాలి. మరీ గట్టిపడితే రెండూ అతుక్కోక, తినేటప్పుడు విడివిడిగా జారతాయి. పోసేది వేడిగా ఉంటే కింది పొర కరిగి రంగులు కలిసిపోతాయి. చెంచాను బోర్లించి దాని వీపు మీద సన్నగా పోస్తే గుంట పడదు. క్రీమ్ లిక్కర్‌తో, అంటే మీగడ కలిపిన తీపి మందుతో పోసిన తెల్ల పొర కాఫీ పొర మీద చాలా అందంగా ఉంటుంది. అందులో ఆల్కహాల్ సాధారణంగా 17 శాతమే, లెక్కలో అది మర్చిపోవద్దు. నారింజ కాయను సగానికి కోసి, గుజ్జు తీసేసి, ఆ డిప్పల్లో జెల్లీ పోసి, గడ్డకట్టాక చెక్కలుగా కోస్తే ప్లాస్టిక్ కప్పులే అక్కర్లేదు. టానిక్ వాటర్ అనే చేదు సోడాతో చేస్తే, అందులోని క్వినైన్ వల్ల అల్ట్రావయొలెట్ దీపం కింద నీలంగా మెరుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పిల్లలుండే ఇంట్లో అయితే నేను అసలు చేయను. ఇవి అచ్చం మిఠాయిల్లాగే కనిపిస్తాయి, నాలుగేళ్ల బిడ్డకు తేడా ఎలా తెలుస్తుంది? చిన్న ఒంటికి రెండు మూడు కప్పులు కూడా ప్రమాదమే. పెద్దవాళ్లే ఉన్నా ట్రేని ఫ్రిజ్‌లో పై అరలో, మూత పెట్టి, పేరు రాసి ఉంచుతాను. మందు తాగనివాళ్ల కోసం అదే రసంతో మందు లేని కప్పులు కూడా చేస్తాను. వాటికి వేరే రంగు సరిపోదు, మసక వెలుతురులో రంగులు తెలియవు. అందుకని వాటిని చతురస్రంగా ఉండే అచ్చులో పోస్తాను, చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. బండి నడిపేవాళ్లకు, గర్భిణులకు, మందులు వాడుతున్నవాళ్లకు ముందే ఆ ట్రే చూపిస్తాను.

ఒకేసారి అన్ని కప్పులూ బయట పెట్టను. గంటకు ఒక విడత, మనిషికి రెండు మూడు వచ్చేలా. తిన్నది ఒంటికి తెలియడానికి సమయం పడుతుంది. పక్కనే తినడానికి ఏదో ఒకటి, పెద్ద జగ్గుతో నీళ్లు ఉంటాయి.

ట్రే ముందు ఇప్పుడు ఎప్పుడూ ఒక అట్టముక్క నిలబెడతాను, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో. పోయినసారి దాని మీద రాసింది ఇది: “గుండ్రటివి: జెలటిన్, మాంసాహారం, నాలుగు తింటే ఒక డ్రింక్. పువ్వు ఆకారంవి: చైనా గ్రాస్, శాకాహారం, నాలుగు తింటే ఒక డ్రింక్. చతురస్రంవి: శాకాహారం, మందు లేదు.” నా స్నేహితురాలు వచ్చింది, అట్ట మొత్తం చదివింది, పువ్వు ఆకారంలో ఉన్న అనాస కప్పు ఒకటి తీసుకుని నా పక్కనే కూర్చుని నెమ్మదిగా తింది. తర్వాత లేచి వెళ్లి ఇంకొకటి తెచ్చుకుంది.