పెద్దవయసులో రోజువారీ పనులు: ఆక్యుపేషనల్ థెరపీ పరిశోధనలు ఏం తేల్చాయి

ఆక్యుపేషనల్ థెరపీ అనగానే మన తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి ఆటిజం ఉన్న పిల్లలకు శిక్షణ ఇచ్చే కేంద్రాలే గుర్తుకొస్తాయి. మరికొందరు అది ఫిజియోథెరపీకి ఇంకో పేరనుకుంటారు. ఈ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ రెండు మాటలూ నాకు తరచుగా వినిపిస్తుంటాయి. పక్షవాతం వచ్చిన మనిషి భుజం ఎంత ఎత్తుకు లేస్తోంది, మోకాలిలో ఎంత బలం వచ్చింది అన్న విషయాలు ఫిజియోథెరపిస్టు ప్రధానంగా చూసుకుంటే, అంతమాత్రం లేచిన ఆ చేత్తో ఆమె తలకు నూనె రాసుకోగలుగుతోందా, చీర కుచ్చిళ్లు పెట్టుకోగలుగుతోందా, దేవుడి ముందు దీపం వెలిగించుకోగలుగుతోందా అన్నది మేము చూస్తాం. ఇక్కడ మన ఇళ్లలో నేను గమనించేది ఒకటుంది. పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేదని తెలియగానే పిల్లలు ప్రేమతోనే వాళ్ల చేతుల్లోంచి పనులన్నీ తీసేసుకుంటారు. ‘నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాం’ అంటారు. ఆ తర్వాత ఆమెకు పొద్దు పోవడం లేదని టీవీ పెడతారు, భజన బృందంలో చేర్పిస్తారు. ఈ రెండు చర్యలూ ఆమె ఆరోగ్యానికి ఎంతవరకు మేలు చేస్తాయన్న ప్రశ్నకు పరిశోధనలు ఇచ్చిన జవాబు చాలామంది అనుకునేదానికి భిన్నంగా ఉంది కాబట్టి, దాన్ని వివరంగా రాయాలనిపించింది.

మనిషి తనకు అర్థవంతమైన పనుల్లో నిమగ్నమై ఉంటే ఆరోగ్యం నిలుస్తుందన్న నమ్మకం మీదే ఈ వృత్తి పుట్టింది. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో కొద్దిమంది కలిసి అమెరికాలో ఈ వృత్తికి తొలి సంఘాన్ని ఏర్పాటు చేశారు. అయితే నమ్మకం వేరు, రుజువు వేరు. ఆరోగ్యంగా, స్వతంత్రంగా బతుకుతున్న వృద్ధులకు ఈ చికిత్స వల్ల ఏమైనా లాభముందా అన్నది గట్టి పద్ధతిలో పరీక్షించిన అధ్యయనం వెలువడడానికి ఆ తర్వాత 80 ఏళ్లు పట్టింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లోరెన్స్ క్లార్క్, ఆమె సహచరులు లాస్ ఏంజెలెస్‌లో నిర్వహించిన ఆ అధ్యయనం 1997లో అమెరికన్ వైద్య సంఘం పత్రిక ‘జామా’లో అచ్చయింది. ‘వెల్ ఎల్డర్లీ’ అధ్యయనంగా మా వృత్తిలో అందరికీ అది తెలుసు.

60 ఏళ్లు, అంతకు పైబడిన 361 మందిని తీసుకుని, యాదృచ్ఛికంగా మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు తొమ్మిది నెలల పాటు ఆక్యుపేషనల్ థెరపీ అందింది: వారానికి రెండు గంటలు బృందంగా కూర్చోవడం, వాటితోపాటు మొత్తం కాలంలో ఒక్కొక్కరికి విడిగా తొమ్మిది గంటలు. రెండో గుంపుకు అదే కాలంలో వృత్తి నిపుణులు కాని వాళ్లు సాంఘిక కార్యక్రమాలు ఏర్పాటు చేశారు. సినిమాలు, ఆటలు, చేతిపనులు, కలిసి బయటికి వెళ్లడం వంటివి అందులో ఉన్నాయి. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. ఈ అధ్యయనానికి ప్రాణం రెండో గుంపేనని నా అభిప్రాయం. అది లేకపోయి ఉంటే, ఎవరో వచ్చి నాలుగు మాటలు మాట్లాడారు కాబట్టి వృద్ధులకు హుషారు వచ్చిందని ఎవరైనా కొట్టిపారేయగలిగేవారు.

ఫలితం ఏమిటంటే, సాంఘిక కార్యక్రమాల గుంపుకూ, ఏమీ అందని గుంపుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ రెండు గుంపుల్లోనూ కాలం గడిచేకొద్దీ ఆరోగ్యం, జీవన సంతృప్తి తగ్గుతూ వచ్చే ధోరణి కనిపించింది. థెరపీ అందిన గుంపు మాత్రం శారీరక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, జీవితం పట్ల తృప్తి, ఇతరులతో మెలిగే తీరు వంటి అనేక కొలతల్లో మెరుగ్గా నిలిచింది. చికిత్స ఆగిపోయిన ఆరు నెలల తర్వాత మళ్లీ పరిశీలిస్తే, ఆ లాభంలో సుమారు 90 శాతం నిలిచే ఉందని 2001లో వెలువడిన మరో పత్రం తెలిపింది. థెరపీకి ఒక్కొక్కరికి సగటున 550 డాలర్ల లోపే ఖర్చయిందని, దక్కిన ఆరోగ్యంతో పోలిస్తే అది సమంజసమైన ఖర్చేనని తర్వాత లెక్క కట్టారు.

మరి థెరపిస్టులు ఆ బృందాల్లో చేసిందేమిటి? ప్రతి మనిషీ తన రోజు ఎలా గడుస్తోందో తానే విడదీసి చూసుకునేలా చేశారు. ఏ పని మానేశాను, ఎందుకు మానేశాను, అది మానేసినందువల్ల నా నిద్ర, నా ఆకలి, నా స్నేహాలు ఎలా మారాయి అని ఆలోచింపజేశారు. సొంతంగా ప్రయాణం చేయడం, ఇంట్లో పడిపోకుండా జాగ్రత్తపడడం, చేతిలో ఉన్న డబ్బుతో నెట్టుకురావడం వంటి అంశాలు ఒక్కొక్కటిగా తీసుకున్నారు. కారు నడపడం మానేసిన మనిషికి బస్సు ఎక్కే ధైర్యం తిరిగి వస్తే, దాని వెంటే గుడికో, మిత్రుడింటికో, కూరగాయల అంగడికో దారి తెరుచుకుంటుంది. సినిమా చూపించడం వల్ల ఆ దారి తెరుచుకోదు. కాలక్షేపానికీ, సొంత జీవితంలో చోటున్న పనికీ మధ్య ఉన్న ఈ తేడాను అంకెలతో చూపించినందుకే నేను ఈ అధ్యయనాన్ని ఇంతగా గౌరవిస్తాను. అదే విశ్వవిద్యాలయం వారు 460 మందితో, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 21 చోట్ల, ఆరు నెలల కార్యక్రమంగా దాన్ని మళ్లీ పరీక్షించి, ఫలితాలను 2012లో ప్రకటించారు. ఒంటినొప్పులు, ఉత్సాహం, నలుగురిలో మెలగడం, మానసిక ఆరోగ్యం, నిస్పృహ లక్షణాల విషయంలో మేలు కనిపించింది. జ్ఞాపకశక్తి వంటి బుద్ధి సంబంధమైన కొలతల్లో మాత్రం తేడా రాలేదు. ఆ సంగతినీ వారు దాచకుండా రాశారు.

ఇక్కడితో ఆగిపోతే నేను సగం సత్యమే చెప్పినట్టవుతుంది. ఇదే ఆలోచనతో బ్రిటన్‌లో ‘లైఫ్‌స్టైల్ మ్యాటర్స్’ అనే కార్యక్రమాన్ని రూపొందించి, 65 ఏళ్లు పైబడిన 288 మందితో షెఫీల్డ్, ఉత్తర వేల్స్ ప్రాంతాల్లో పరీక్షించారు. గెయిల్ మౌంటెన్ బృందం 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మానసిక శ్రేయస్సులో కార్యక్రమం అందిన గుంపుకూ, అందని గుంపుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందులో చేరినవాళ్లలో చాలామంది మొదటినుంచే బాగున్నారు. ఇప్పటికే సొంత పనులు, సొంత స్నేహాలు, సొంత దినచర్య ఉన్న మనిషికి కొత్తగా ఇవ్వగలిగింది తక్కువ. లాస్ ఏంజెలెస్ తొలి అధ్యయనంలో ఉన్నవాళ్లు ప్రభుత్వ రాయితీతో నడిచే నివాసాల్లోని తక్కువ ఆదాయం కలవాళ్లు, వాళ్లలో వలస వచ్చి భాష సరిగా రానివాళ్లూ ఉన్నారు. చికిత్స ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే జవాబు దొరుకుతుందని నాకనిపిస్తుంది. అందరికీ ఒకే మోతాదులో పంచిపెట్టే పథకంగా దీన్ని మార్చకూడదు.

మా పని ఎలా ఉంటుందో దగ్గరగా చూపించడానికి ఒక ఉదాహరణ చెబుతాను. పక్షవాతంతో ఎడమ చెయ్యి పట్టు తప్పిన ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లినప్పుడు, కెనడాలో రూపొందిన ఒక ప్రశ్నావళితో మొదలుపెట్టాను. 1991 నుంచి వాడుకలో ఉన్న ఆ పద్ధతిలో, మీకు ముఖ్యమైన పని ఏది, దాన్ని ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నారు, అందులో మీకు ఎంత తృప్తి ఉంది అని అడిగి, ఒకటి నుంచి పది వరకు అంకె వేయమంటాం. నడక గురించి చెబుతారని కుటుంబమంతా ఎదురుచూసింది. ‘కూరగాయలు నేనే తరుక్కోవాలమ్మా, కోడలు డ్యూటీకి పోయేలోగా అది నా పని’ అని ఆమె అన్నారు. ప్రాముఖ్యానికి పది, చేయగలగడానికి ఒకటి వేశారు.

కత్తిపీట ముందు కూర్చోవాలంటే ముందు నేల మీదికి దిగాలి, కాలితో పీటను నొక్కిపట్టాలి, రెండు చేతులతో కూరగాయను కత్తికి ఎదురుగా నెట్టాలి. పనిని ఇలా విడదీసి చూస్తే, ఆమెకు అడ్డుపడుతున్నది తరగడం కాదని, పట్టుకోవడమని అర్థమవుతుంది. ఒక చెక్క పలక మీద తుప్పు పట్టని మేకులు రెండు పైకి పొడుచుకొచ్చేలా కొట్టించి, దాని రెండు అంచులకు చిన్న గోడలాగా చెక్క బద్దలు పెట్టించాం. మేకులకు వంకాయ గుచ్చితే అది కదలదు, కుడిచేత్తో మామూలు చాకు పట్టుకుని కోయవచ్చు. పలక జారకుండా కింద తడిగుడ్డ పరిచాం. బల్ల ఎత్తును ఆమె కుర్చీకి సరిపోయేలా మార్చాం, పట్టులేని ఎడమ చేతిని కూడా బల్ల మీదే, పలకకు ఆనించి ఉంచమన్నాం, ఎందుకంటే పనిలో పాలుపంచుకోని చెయ్యి క్రమంగా పక్కకు జారిపోతుంది. పని అయ్యాక మేకులకు బెండు ముక్క గుచ్చి పెట్టడం మాత్రం మరచిపోకూడదు, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు. కొన్ని వారాలకు ఆమె మళ్లీ అంకె వేసినప్పుడు ఒకటి కాస్తా ఆరు అయింది. ఆ కొలతలో రెండు అంకెల మార్పునే చెప్పుకోదగ్గదిగా సాధారణంగా లెక్కిస్తారు. ఒక్క మనిషి అనుభవం పరిశోధనకు సాటిరాదని నాకు తెలుసు. పరిశోధన పత్రాల్లో ‘జోక్యం’ అన్న ఒక్క మాటతో దాటిపోయేది నిజానికి ఇలా ఉంటుందని చూపించడానికే ఇంత రాశాను.

ఇల్లు, పని, మనిషి ఈ మూడింటినీ కలిపి చూసిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలోని నర్సింగ్ ఆచార్యురాలు సారా సాంటన్ బృందం ‘కేపబుల్’ అనే కార్యక్రమాన్ని రూపొందించింది. ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఒక నర్సు, ఇంటి మరమ్మతులు చేసే ఒక పనివాడు ముగ్గురూ ఒక జట్టుగా పనిచేస్తూ అయిదు నెలల వ్యవధిలో వృద్ధుల ఇంటికి వెళతారు. లక్ష్యాలను వృద్ధులే నిర్ణయిస్తారు. మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ కావాలంటే పనివాడు బిగిస్తాడు, మందుల వల్ల కళ్లు తిరుగుతుంటే నర్సు ఆ సంగతి చూస్తుంది, స్నానాల గదిలోకి భయం లేకుండా దిగడం థెరపిస్టు నేర్పుతుంది. తక్కువ ఆదాయం, రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉన్న 300 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అయిదు నెలలకు, పోలిక గుంపుతో పోలిస్తే రోజువారీ పనుల్లో ఇబ్బంది 30 శాతం తగ్గింది. ఇక్కడ కూడా పోలిక గుంపు వారి ఇళ్లకు మనుషులు అన్నిసార్లూ వెళ్లి, కూర్చుని, వాళ్లకు నచ్చిన కాలక్షేపం చేసి వచ్చారు. జీవితం సులువైందని కార్యక్రమం అందినవారిలో 82 శాతం చెబితే, పోలిక గుంపులో 43 శాతం చెప్పారు. పలకరింపుకు విలువ ఉందని ఆ 43 చెబుతోంది, పలకరింపు ఒక్కటే చాలదని మిగతా తేడా చెబుతోంది. ఏడాది గడిచేసరికి ఈ లాభం కొంత సన్నగిల్లిందన్నదీ నమోదైంది. అంటే ఒకసారి చేసి వదిలేయకుండా, మధ్యమధ్య మళ్లీ వెళ్లి చూడవలసిన అవసరం ఉందేమో పరిశీలించాలి.

మన దేశం విషయానికొస్తే, అమెరికాలో పుట్టి ఇక్కడ స్థిరపడిన కమలా నింబ్కర్ 1950లో ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ శిక్షణ పాఠశాల ప్రారంభించారు. రెండేళ్లకు అఖిల భారత సంఘం ఏర్పడింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి ఈ వృత్తి కూడా వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నా, జిల్లా కేంద్రాలు దాటి లోపలికి వెళితే థెరపిస్టు దొరకడం కష్టం. ఈ కొరతను తీర్చడానికి కుటుంబ సభ్యులకే శిక్షణ ఇస్తే సరిపోతుందా అన్నది పరీక్షించిన ‘అటెండ్’ అధ్యయనం 2017లో ‘లాన్సెట్’లో వచ్చింది. దేశంలోని 14 ఆసుపత్రుల్లో పక్షవాతం వచ్చిన 1250 మందితో అది జరిగింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. కుటుంబానికి శిక్షణ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆ అంకె మారలేదు. మన కుటుంబాల ప్రేమ మీద నాకు అపారమైన నమ్మకం ఉంది, అయినా ఆ ప్రేమ మీద మొత్తం భారం మోపి పునరావాస సేవలను పెంచకుండా ఉండడానికి ఈ ఫలితం అవకాశం ఇవ్వదు.

మన ప్రాంతంలో జరగవలసిన అధ్యయనం ఎలా ఉండాలో నా మనసులో కొంత రూపం ఉంది. పిల్లలు విదేశాల్లోనో, వేరే నగరంలోనో ఉండి, ఊళ్లో ఒంటరిగానో జంటగానో మిగిలిన పెద్దవాళ్లను, ముఖ్యంగా ఏదో ఒక పని ఇటీవలే మానేసినవాళ్లను ఎంచుకోవాలి. ఇప్పటికే హాయిగా ఉన్నవాళ్లతో గుంపు నింపితే బ్రిటన్‌లో ఎదురైన పరిస్థితే మళ్లీ వస్తుంది. నేల మీద కూర్చుని లేవడం, చెంబుతో స్నానం, గడప దాటడం, పొలం గట్టు మీద నడక, పింఛను కోసం వెళ్లడం వంటివి కొలిచే ప్రశ్నలు తెలుగులోనే, ఆ ప్రాంతపు మాటల్లోనే తయారు కావాలి. ఒక గుంపుకు థెరపిస్టు, మరమ్మతు పనివాడు, ఊళ్లో అందరికీ తెలిసిన ఆశా కార్యకర్త కలిసి వెళ్లాలి. రెండో గుంపు ఇళ్లకు అన్నిసార్లూ ఎవరో ఒకరు వెళ్లి కబుర్లు చెప్పి రావాలి. ఆ రెండు గుంపులనూ కనీసం ఏడాది పాటు, వీలైతే రెండేళ్ల పాటు వెంబడించి చూడాలి.