చెవి ఆరింది, పైన నీరు చేరింది

కోనసీమలో చెవి కారడాన్ని ఎవరూ పెద్ద జబ్బుగా చూడరు. కాలవలో ఈతకొడితే నీళ్లు పోయాయంటారు, వెల్లుల్లి కాచిన కొబ్బరినూనె చుక్క వేస్తారు. నా ఎడమ చెవి అలా ఏళ్ల తరబడి కారింది. చివరికి కొలెస్టియటోమా అన్నారు. కర్ణభేరి వెనక చర్మం పొరలు పోగుపడి, పక్కనున్న ఎముకను తినేసే జబ్బు. చెవి వెనక ఎముకను డ్రిల్లుతో తొలిచి జబ్బు తీసే మాస్టాయిడ్ ఆపరేషన్ చేశారు, చీము ఆగింది.

కొన్నాళ్లకి తలనొప్పి పట్టుకుంది. మైగ్రేన్ అన్నారు, కళ్లద్దాలు మార్చారు. నేను అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తాను. ఓ మధ్యాహ్నం ఎదురుగా కురిడీకాయల రాశి ఉంది, పేరు నోటికి రాలేదు. "అవి, అవి" అంటుంటే కాయలు వలిచే కుర్రాడు "ఎండ తగిలిందండి, ఆయ్" అని బొండం కొట్టిచ్చాడు. తర్వాత ఉన్నట్టుండి కాలిన వాసన రావడం, కడుపులోంచి ఏదో పైకి పాకినట్టుండటం, కాసేపు పిలిచినా పలక్కపోవడం మొదలయ్యాయి. కిందపడి కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకుంటాం కదా, ఇవీ ఫిట్సేనట.

కాకినాడలో ఎమ్మారై తీస్తే చెవికి సరిగ్గా పైన, మెదడులో నీటి తిత్తి కనబడింది. చెవికీ మెదడుకీ మధ్య ఎముక చాలా పల్చన. అక్కడ కన్నం పడి, మెదడు పొర చిరిగింది. డ్రిల్లు తగిలిందా, జబ్బే తినేసిందా అన్నది డాక్టరుగారు తేల్చలేదు. మా ఆవిడ మొదటి ఆసుపత్రినే తిడుతుంది. నా కోపం డిశ్చార్జి కాగితం మీద. చెవి పైకప్పులా ఉండే ఈ ఎముక గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఉంటే తలనొప్పన్న రోజే స్కాన్ రాసేవారు.

పుర్రె తెరిచి తిత్తిలో నీరు తీశారు, కణత కండరం మీది పొరతో చిరుగు మూశారు. ఇంటికొచ్చాక ముక్కు చీదకూడదు, ముక్కకూడదు, నోరు తెరిచే తుమ్మాలి. ముక్కులోంచి నీళ్లలా కారినా, గొంతులో ఉప్పగా తగిలినా వెంటనే రమ్మన్నారు. మెదడు చుట్టూ ఉండే నీరు చెవిలోంచి అటు దిగుతుందట. దాంతో మామూలు జలుబుకీ టెన్షనే.

మా అమ్మాయి వంటింట్లో సామాన్లు చూపించి పేర్లడిగేది. గరిటె, జల్లెడ త్వరగానే వచ్చాయి, చుట్టాల పేర్లు ఆలస్యమయ్యాయి. అంకెలు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు, విచిత్రం! ఫిట్స్ మాత్రలు రెండు పూటలా నడుస్తున్నాయి. బండి తోలొద్దన్నారు. పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లాలన్నా పక్కన మనిషుండాలి.

తిత్తి మళ్లీ నిండుతుందేమో, చెవిలో జబ్బు తిరిగొస్తుందేమో చూడ్డానికి ఎమ్మారై మళ్లీ తీస్తారు. పాత కాగితాలూ సీడీలూ అన్నీ ఒకే సంచిలో పెట్టి, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా పట్టుకెళ్తున్నాను.