తెరంతా సల్ఫర్!

పీహెచ్‌డీలో నా వంతుకు వచ్చింది సముద్రపు నీటి పంపు షాఫ్టు ముక్క. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు, అయినా ఒళ్లంతా సన్నటి గుంటలు. ఇలాంటి గుంటలు చాలావరకు మాంగనీస్ సల్ఫైడ్ రేణువుల దగ్గర మొదలవుతాయి. ఇక్కడా అదేనా అని తేల్చడానికి ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఈడీఎస్ మ్యాపింగ్‌కు స్లాటు పెట్టుకున్నాను. ముక్క నుంచి వచ్చే ఎక్స్-కిరణాల శక్తిని బట్టి ఏ మూలకం ఎక్కడుందో రంగుల్లో చూపిస్తుందది.

అసలు చాకిరీ అంతా పాలిషింగ్‌లోనే. ముక్కను బేకలైట్‌లో మౌంట్ చేసి, గరుకు ఎమెరీ పేపరు నుంచి నున్నటిదానికి వెళ్తూ, పేపరు మారినప్పుడల్లా ముక్కను అడ్డంగా తిప్పి పాత గీతలు పోయేదాకా రుద్దాలి. చివర్లో అల్యూమినా జోలికి పోలేదు. రేణువు పక్క సందులో అది ఇరుక్కుంటే, స్టీలులో లేని అల్యూమినియం మ్యాప్‌లో కనిపిస్తుంది. 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతోనే ముగించాను. బేకలైట్‌లో కరెంటు పారదు కాబట్టి పైన పూత తప్పదు. ల్యాబ్‌లో గోల్డ్ కోటింగే అలవాటు, నేను కార్బన్ కావాలని పట్టుబట్టాను. ప్రతి మూలకం తనకే సొంతమైన శక్తుల దగ్గర ఎక్స్-కిరణాలు విడుస్తుంది, వాటినే గీతలంటాం. బంగారం ఎం గీత 2.12 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు), సల్ఫర్‌ది 2.31. పక్కపక్కనే ఉంటే తలనొప్పి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డాక, 20 కిలోవోల్టుల ఎలక్ట్రాన్ బీమ్‌తో మ్యాప్ పెడితే సల్ఫర్ రంగు తెరంతా పరుచుకుంది. "మీ స్టీలు నిండా సల్ఫరేనండీ" అన్నారు ఆపరేటర్ గారు.

316ఎల్‌లో సల్ఫర్ 0.03 శాతం దాటకూడదు. 0.1 శాతం కంటే బాగా తక్కువున్నదాన్ని ఈడీఎస్ మామూలుగా పట్టలేదు. మరి ఆ రంగంతా ఎవరిది? మాలిబ్డినంది. ఈ స్టీలులో అది 2 నుంచి 3 శాతం ఉంటుంది. దాని ఎల్-ఆల్ఫా గీత 2.29 దగ్గర, అంటే సల్ఫర్‌కు 14 ఎలక్ట్రాన్ వోల్టుల దూరంలో. ఈడీఎస్ పీక్ వెడల్పే అంతకు ఎన్నో రెట్లు. సాఫ్ట్‌వేరు ఆ శక్తి పరిధిలో పడ్డదాన్నంతా సల్ఫర్ ఖాతాలో రాసేసింది. మాలిబ్డినం మ్యాప్ కూడా తెరిపించి చూస్తే అచ్చం అదే బొమ్మ. మాలిబ్డినం కే గీత చూద్దామంటే దాన్ని లేపడానికే 20 కేఈవీ కావాలి, మా బీమ్‌కు అందదు.

ఇక ఈపీఎంఏ (ఎలక్ట్రాన్ ప్రోబ్ మైక్రో ఎనలైజర్) ఒక్కటే దారి. కాస్టైంగ్ 1951లో పారిస్‌లో తన థీసిస్‌తో పునాది వేసిన పద్ధతి. దానిలోని డబ్ల్యూడీఎస్ అనే స్పెక్ట్రోమీటర్‌లో ఎక్స్-కిరణాలను స్ఫటికం తరంగదైర్ఘ్యాన్ని బట్టి విడదీస్తుంది కాబట్టి దగ్గర దగ్గర గీతలు కూడా వేరుపడతాయి. కాకపోతే స్లాటు దొరకాలిగా, జియాలజీ వాళ్ల క్యూ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

చివరికి దొరికింది. ఈసారి సల్ఫర్ మ్యాప్‌లో తెరంతా నలుపు, మధ్యలో అక్కడక్కడా మెరిసే చుక్కలు. మాంగనీస్ చుక్కలూ సరిగ్గా అక్కడే. ఈడీఎస్ మాంగనీస్ మ్యాప్‌ను కూడా నేను నమ్మలేదు, క్రోమియం కే-బీటా వచ్చి దాని మీదే పడుతుంది. చుక్కల్లో కొన్ని గుంటల అంచునే ఉన్నాయి, ఆ చోట ఐరన్ మ్యాప్‌లో చీకటి.

నేను చూసింది షాఫ్టును అడ్డంగా కోసిన ముఖం. రోలింగ్‌లో ఈ సల్ఫైడ్లు కడ్డీ పొడవునా దారాల్లా సాగుతాయి. పొడవునా కోసిన ముక్క ఇప్పుడు పాలిషింగ్‌లో ఉంది.