ఎల్‌డిఎల్ దగ్గర గీత ఉంటే జీరో అనుకున్నా

కొలెస్ట్రాల్ టెస్టుకి బ్లడ్ ఇవ్వడం, రిపోర్ట్ ఫోన్‌కి రావడం ఒక్కరోజులో అయిపోయాయి, అక్కడ చెప్పుకునేదేం లేదు. కాకపోతే ఫాస్టింగ్ అన్నారు కదా అని మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లా, నరం దొరక్క రెండు చేతులకీ కలిపి మూడు పోట్లు. నీళ్లు తాగొచ్చండీ బాబూ, తాగండి. ఆ ముక్క ముందే చెప్తే వాళ్ల సొమ్మేం పోయిందో.

అసలు కథ రిపోర్ట్‌తో మొదలైంది. టోటల్ కొలెస్ట్రాల్ 238, హెచ్‌డిఎల్ అంటే మంచి కొలెస్ట్రాల్ 36, ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వు 462, ఎల్‌డిఎల్ దగ్గర మాత్రం అంకె లేదు, చిన్న గీత. ఎల్‌డిఎల్ అంటే చెడ్డ కొలెస్ట్రాల్ అని తెలుసు, గీత అంటే నిల్ అనుకున్నా. మా ఆవిడ దగ్గర కాలరెగరేశా, బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పా.

డాక్టర్ దగ్గర కూడా, ఆయన నోరు తెరవకముందే "చెడ్డది లేదు సార్, మిగతావే కొంచెం ఎక్కువున్నట్టున్నాయి" అన్నా. ఆయన రిపోర్ట్ చూశాడు, నన్ను చూశాడు, పక్కనున్న జూనియర్ డాక్టరమ్మాయితో "ఈయనకి ఎల్‌డిఎల్ లేదట, ఎందుకో చెప్పమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక ఫైల్ అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ పక్కనే ఉంది.

విషయం ఏంటంటే చాలా ల్యాబుల్లో ఎల్‌డిఎల్‌ని కొలవరు, లెక్క కడతారు. టోటల్‌లోంచి హెచ్‌డిఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌ని 5తో భాగించి అదీ తీసేస్తారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ ఫార్ములా అది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ లెక్క పనిచెయ్యదు, అందుకే గీత. "టెస్టు ముందు రాత్రి ఏమైనా తీసుకున్నారా?" అన్నాడు డాక్టర్. నేను నసుగుతుంటే మా ఆవిడే "ఫ్రెండ్స్‌తో కూర్చున్నాడండీ, పన్నెండింటి దాకా" అని చెప్పేసింది. మందు వల్ల ట్రైగ్లిజరైడ్స్ ఎగబాకుతాయట. పైగా 238లోంచి 36 తీసేసి 202 అని పెన్నుతో రాసి, "ఇది నాన్ హెచ్‌డిఎల్, అంటే మంచిది పోగా మిగిలిందంతా, దీనికి ఉపవాసంతో పనిలేదు, 130 లోపుండాలి, ఇదెక్కడికి పోతుంది?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఇంత చిన్న తీసివేత ఆ ల్యాబ్ వాళ్లే చేసి కాగితం మీద వేస్తే నా పరువు దక్కేది కదా, దానికి బదులు పక్కన ఏవో స్టార్ గుర్తులు పెట్టి ఊరుకున్నారు!

రెండు వారాలు బుద్ధిగా ఉండి మళ్లీ ఇచ్చా. టోటల్ 226, హెచ్‌డిఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 190. ఈసారి ల్యాబ్ వాళ్ల ఎల్‌డిఎల్ అంకె చూడకముందే నేనే లెక్క కట్టాలని కాగితం పెన్ను పెట్టుకుని కూర్చున్నా, 226 మైనస్ హెచ్‌డిఎల్ 38, మైనస్ 190ని 5తో భాగిస్తే వచ్చిన 38, మొత్తం 150. ల్యాబ్ వాళ్లదీ అంతే వచ్చింది, ఆ కాగితం మా ఆవిడకి రెండుసార్లు చూపించా.

డాక్టర్ ఆ 150 ఒక్కటే చూసి మాత్ర రాయలేదు, బీపీ, షుగర్, సిగరెట్ అన్నీ అడిగాడు. మా నాన్నకి 52 ఏళ్లకే గుండెకి స్టెంట్ వేశారని చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. మగాళ్లకి 55 లోపు గుండెజబ్బు వస్తే దాన్ని వంశంలో ఉన్నట్టే లెక్కేస్తారట. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాశాడు, వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్‌ని చూసే లైపోప్రోటీన్ ఏ అనే టెస్టు జన్మలో ఒక్కసారి చేయించుకుంటే చాలన్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే డాక్టర్ అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి.

ఎనిమిది వారాల తర్వాత మళ్లీ టెస్టు. బావమరిది మాత్రం ఫోనెత్తగానే "ఏం బావా, ఇంకా జీరోయేనా?" అంటున్నాడు.