మీటర్లో 220 కరెక్టే, మరి నిప్పురవ్వలెందుకు?

"మోటార్ గురించి నువ్వు నాకు చెప్పేదేంది, ఇచ్చిన పని చూసుకో" అని మేనేజర్ అందరి ముందరా అనేశాడు. షార్జా వచ్చినాక ఇట్టా ఎవరితోనూ మాట పడలా. రూముకొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలా. కావలిలో అయితే తిరిగి ఒక మాట అనేసి షర్టు తగిలించుకుని వచ్చేసేవాణ్ణి, ఇక్కడ వీసా వాళ్ళ చేతిలో ఉంటది గదా. అందుకే ఇది రాస్తన్నా, మన నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చి మెయింటెనెన్స్‌లో ఉండే పిల్లోళ్ళకి పనికొస్తదని, నాక్కూడా కడుపులో బరువు కొంచెం దిగుద్దని.

మాది కేబుల్ ఫ్యాక్టరీ. అందులో యూరప్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన పాత ఎక్స్‌ట్రూడర్, అంటే తీగ మీద ప్లాస్టిక్ తొడిగే మెషీన్, ఒకటుంది, దానికి 45 కిలోవాట్ల డీసీ మోటార్, ఆర్మేచర్ (లోపల తిరిగే చుట్టల భాగం) 220 వోల్టులు. పక్క రూములో ఎంజీ (మోటార్-జనరేటర్) సెట్ ఉండేది, ఒక ఏసీ మోటార్ డీసీ జనరేటర్ని తిప్పుద్ది, ఆ జనరేటర్ కరెంటు మన మోటార్‌కి పోద్ది, జనరేటర్ ఫీల్డు, అంటే దాని అయస్కాంత బలం, పెంచితే స్పీడు పెరుగుద్ది, తగ్గిస్తే తగ్గుద్ది. హ్యారీ వార్డ్ లియోనార్డ్ అనే అమెరికా ఆయన 1891లో తెచ్చిన పద్ధతి. దానికి కరెంటు ఖర్చు జాస్తి, నేనూ ఒప్పుకుంటా, రెండు మెషీన్లలో నష్టం పోయినాక గాని మోటార్‌కి అందదు, బేరింగులకీ బ్రష్షులకీ ఎప్పుడూ చాకిరీనే. తీసేసి థైరిస్టర్ డ్రైవ్ (ఏసీని నేరుగా డీసీ చేసి స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) పెట్టాలనుకోటంలో తప్పేం లేదు. థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చి 1957లోనే వచ్చింది, ప్రపంచమంతా అట్టానే మార్చుకున్నారు.

కానీ మార్చిన తీరు చూడండి. కాంట్రాక్టర్ వచ్చి ఎంజీ సెట్ పీకేసి 415 వోల్టుల లైన్‌కి నేరుగా డ్రైవ్ బిగించి పోయాడు. ట్రాన్స్‌ఫార్మర్ లేదు, చోక్ (కరెంటు ఎగుడుదిగుడు తగ్గించే తీగ చుట్ట) లేదు. మొదట్లో బాగనే తిరిగింది, తర్వాత బ్రష్షుల కింద నిప్పురవ్వలు మొదలైనయ్. బ్రష్షులు రాసుకునే రాగి కమ్యుటేటర్ చాక్లెట్ రంగులో నున్నగా ఉండేది, ఇప్పుడు కరెంటు తీసి చూస్తే బార్ల అంచులన్నీ నల్లగా మాడి ఉన్నయ్, గోరు పెట్టి లాగితే గరగరా తగులుతన్నయ్. లోడు పాతదే, స్పీడు పాతదే, బాడీ మీద మాత్రం చెయ్యి ఆనటంలా. కాంట్రాక్టర్‌ని పిలిస్తే మీటర్ పెట్టి చూపించాడు, 220 కరెక్టుగా ఉంది, మోటార్ ముసలిదైపోయింది సార్, స్క్రాప్‌కి వేసి ఏసీ మోటారూ వీఎఫ్‌డీ (దాని స్పీడు మార్చే డ్రైవ్) పెట్టుకోండి అన్నాడు. నేను మోటార్ తప్పు కాదు సార్ అన్నందుకే ఆ మాట పడింది.

ఆ మీటర్ చూపించేది సగటు. ఆరు థైరిస్టర్ల బ్రిడ్జి ఇచ్చే డీసీ లైన్ వోల్టేజికి 1.35 రెట్లు, అంటే 415 మీద 560 వోల్టులు. దాన్ని 220కి దించాలంటే ఫైరింగ్ యాంగిల్ని, అంటే ప్రతి సైకిల్లో థైరిస్టర్ ఆన్ అయ్యే చోటుని, 67 డిగ్రీల దాకా వెనక్కి జరపాలి. అప్పుడు ఆర్మేచర్ మీద పడే వోల్టేజి సాఫీగా ఉండదు, 470 దాకా లేచి సున్నా కిందకి మైనస్ 70 దాకా పడిపోద్ది, సెకనుకి 300 సార్లు! సగటు చూస్తే 220, మీటర్ అబద్ధం చెప్పలా, సగమే చెప్పింది. మోటార్‌లో టార్క్ (తిప్పే బలం) సగటు కరెంటుని బట్టి వస్తది, వేడి మాత్రం ఎగుడుదిగుళ్ళని కూడా లెక్కలోకి తీసుకునే ఆర్‌ఎంఎస్ కరెంటుని బట్టి వస్తది. ఏసీ, డీసీ కలిపి ట్రూ ఆర్‌ఎంఎస్ చూపించే క్లాంప్ మీటర్‌తో కొలిచి, దాన్ని సగటుతో భాగిస్తే ఫార్మ్ ఫాక్టర్ తేలుద్ది. జనరేటర్ మీద అది 1, మూడు ఫేజుల బ్రిడ్జి సరిగ్గా అమరితే 1.05 అటూ ఇటూ, మా మోటార్‌కి 1.2 వచ్చింది, వేడి దాని వర్గాన్ని బట్టి పెరుగుద్ది, అంటే అదే పనికి ఆర్మేచర్ రాగిలో వేడి ఒకటిన్నర రెట్ల దగ్గర. సింగిల్ ఫేజ్ కన్వర్టర్ పెట్టుంటే 1.4 దాకా పోయి వేడి రెట్టింపు అయ్యుండేది. ఒంగోలు గిత్తని గడియ గడియకీ ములుగర్రతో పొడిస్తే బండి లాగదా అంటే లాగుద్ది, ఒళ్ళు మాత్రం పుళ్ళయిపోద్ది.

పాత మోటార్లకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వాటి యోక్ (బయటి ఇనుప చట్రం), చాలావాటికి ఇంటర్‌పోల్స్ (బ్రష్షుల కింద కరెంటు దిశ మారటానికి, అంటే కమ్యుటేషన్‌కి, సాయపడే చిన్న పోల్స్) కూడా, ముద్ద ఇనుము. కరెంటు గబగబా ఎగుడుదిగుడు అవుతుంటే ముద్ద ఇనుములో ఎడ్డీ కరెంట్లు (సుడి కరెంట్లు) పుట్టి ఇంటర్‌పోల్ ఫ్లక్స్ వెనకబడిపోద్ది, కమ్యుటేషన్‌కి సమయానికి సాయం అందదు, అందుకే రవ్వలు. డ్రైవ్‌ల కోసం తయారయిన మోటార్లకి ఫ్రేము లామినేషన్లతో (పలచటి రేకులతో) కడతారు. జనరేటర్ ఇచ్చే సాఫీ డీసీకి పుట్టిన మోటార్‌ని ముసలిది అంటే ఎట్టా? అది మారలా, దానికి పెట్టే తిండి మారింది.

కావలిలో మా మేస్త్రీ దగ్గర రివైండింగ్ నేర్చుకున్నా. రొయ్యల గుంటల ఏరేటర్లు, పొలం సబ్‌మెర్సిబుళ్ళు, సీజన్లో షాపు ముందర నిలబడే చోటుండదు. ఎంత తొందర చేసినా ఆయన ముందు మోటార్ మూత ఇప్పడు, "లైన్ ఎట్టుందబ్బయ్యా, మూడు ఫేజులూ సమంగా వస్తన్నయ్యా?" అనే అడుగుతాడు. ఇప్పినాక స్టార్ వైండింగ్‌లో రెండు ఫేజుల కాయిల్స్ మాడిపోయి మూడోది తెల్లగా ఉంటే అది మాకు చూపించి, ఫ్యూజు పోయి రెండు ఫేజుల మీద తిరిగిందిరా, రైతుని పిలిచి చెప్పండి, లేకపోతే ఇంకో వారానికి మళ్ళీ ఇక్కడికే తెస్తాడు అనేవాడు. తిరిగి తెస్తే ఆయనకి ఇంకో కూలి వస్తది గదా, అయినా చెప్పించేవాడు. ఇక్కడ ఇంత ఏసీ ఆఫీసులో, ఇంత జీతాల మధ్య ఆ ప్రశ్న అడిగేవాడే లేడు, అదే నాకు మింగుడు పడటంలా. స్క్రాప్ అనటం తేలిక, లైన్ చూడటం కష్టం.

కావల్సింది పెద్ద ఖర్చు కూడా కాదు. 415 నుంచి 200కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే యాంగిల్ 35 డిగ్రీలకొస్తది, వోల్టేజి 120కీ 280కీ మధ్యే ఊగుద్ది, సున్నా దాటదు, పవర్ ఫాక్టర్ కూడా 0.4 లోపల నుంచి దగ్గర దగ్గర 0.8కి పోద్ది. ఆర్మేచర్‌కి సిరీస్‌లో చోక్ వేస్తే మిగతా ఊపు కూడా తగ్గుద్ది. ఎంజీ సెట్ తీసినప్పుడు ఎక్సైటర్ (ఫీల్డుకి కరెంటు ఇచ్చేది) కూడా పోద్ది కాబట్టి ఫీల్డు సప్లై వోల్టేజి మోటార్ నేమ్‌ప్లేటుతో సరిపోయిందా, ఫీల్డు పోతే ట్రిప్ అవుద్దా అనేది విడిగా చూడాలి, ఫీల్డు పోయి ఆర్మేచర్‌కి కరెంటు ఉంటే లోడు తక్కువున్న మోటార్ స్పీడు పట్టలేనంత పోద్ది.

మా ఫోర్‌మన్ పెద్దాయన, పెషావర్ వైపు మనిషి, ఈ లెక్కలన్నీ రాసిన కాగితం అడిగి తీసుకెళ్ళి ఓనర్‌కి ఇచ్చొచ్చాడు, నన్ను ఒక్క మాట అనలా. బక్రీదు సెలవుల్లో లైన్ ఆపుతారు, అప్పుడు పెట్టి చూడమన్నారంట. కమ్యుటేటర్ లేత్ మీద తీయించి, బార్ల మధ్య మైకా అండర్‌కట్ చేసి (కిందకి కోసి), బ్రష్షులు పాత గ్రేడువే తెచ్చి కమ్యుటేటర్ వంపుకి సీటింగ్ చేస్తాం, ఎమరీతో కాదు, శాండ్ పేపర్‌తో. షార్జా, అజ్మాన్ వైపు ఎవరి దగ్గరన్నా 75 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, సెకండరీ 200 వోల్టులది, 250 ఆంప్స్ డీసీ చోక్ పాతవి ఉంటే చెప్పండి, కొత్తవి ఆర్డర్ పెడితే సెలవుల లోపల రావు.