గూడుబండి దారిలో, ప్లాట్ నది వెంట

ఒరెగన్ ట్రెయిల్ అంటే పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా వలసజనం గూడుబండ్లతో మిస్సోరీ నుంచి పడమటి ఒరెగన్‌కు సాగిన దారి. మొత్తం పొడవు సుమారు 2,000 మైళ్లు. మేం కారులో చూసింది అందులో చిన్న ముక్క: నెబ్రాస్కాలోని ఒగలాలా నుంచి వయోమింగ్‌లోని గెర్న్‌సీ వరకు, 26వ నంబరు హైవే మీద, రెండొందల మైళ్లకు కాస్త తక్కువ. ఆగుతూ ఆగుతూ వెళ్లినా సాయంత్రానికి అయిపోతుంది. 1850ల్లో ఎడ్లబండికి ఇది రెండు వారాల దూరం. రోజుకు 15 మైళ్లు సాగితే అది మంచి రోజే.

లూవెలెన్ దగ్గర విండ్‌లాస్ హిల్ మొదటి మజిలీ. 25 డిగ్రీల వాలు, 300 అడుగులు. చక్రాలు తిరక్కుండా గొలుసులతో బిగించి, వెనక తాళ్లు పట్టుకుని బండ్లను దించేవారు. పేరులో విండ్‌లాస్ ఉంది గానీ, అక్కడ తాడు చుట్టే యంత్రం ఏనాడూ లేదు.

స్కాట్స్ బ్లఫ్ కొండ కింద నమూనా బండ్లు పెట్టారు. ముందు పెట్టె కొలత చూడాలి: పొడవు పదడుగులు, వెడల్పు నాలుగడుగులు. కింద స్ప్రింగుల్లేవు. వంచిన కర్రబద్దల మీద నూనె పట్టించిన మందపాటి గుడ్డ, అదే గూడు. పెద్దవాళ్లకు తలకు 200 పౌన్ల పిండి, 150 పౌన్ల బేకన్ (ఉప్పు పట్టించిన పందిమాంసం), 20 పౌన్ల చక్కెర, పదేసి పౌన్ల కాఫీ, ఉప్పు వేసుకోమని అప్పట్లో సలహా. నలుగురుంటే పిండే 800 పౌన్లు. ఇక మనుషులకు చోటేదీ? జబ్బుపడ్డవాళ్లు, పసివాళ్లు తప్ప దాదాపు అందరూ నడిచినవాళ్లే. ఎడ్లను తోలే మనిషి కూడా బండెక్కడు. ముకుతాడు, పగ్గం ఏవీ లేవు. ఎడమపక్కన నడుస్తూ ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకు.

ఈ లోయలో వంటచెరకు దొరకదు. అడవిదున్నల ఎండు పేడే పిడకలు. ఆడవాళ్లు నడుస్తూనే ఏప్రన్ ఒడిలో ఏరుకునేవారు. బాగా ఎండినదైతే పొగ లేకుండా మండుతుంది కానీ ఇట్టే కాలిపోతుంది, ఒక్క పూట వంటకే బుట్టల కొద్దీ కావాలి. గాలికి నిప్పులు ఎగిరిపోకుండా నేలలో సన్నటి గాడి తవ్వి అందులో రాజేసేవారు. వాన పడిందా, ఆ పూట పొయ్యి లేదు. బేకన్ కొవ్వు ఎండకు కరిగిపోకుండా తవుడులో, గుడ్లు పగలకుండా మొక్కజొన్న పిండిలో పాతిపెట్టేవారు. పొద్దున మీగడ పోసిన కుండను బండికి వేలాడదీస్తే సాయంత్రానికి ఆ కుదుపులకే వెన్న పడేది. స్ప్రింగులు లేనందుకు కలిగిన ఒకే ఒక్క లాభం!

పడమటికి పోయేకొద్దీ గాలి పొడిబారుతుంది. చక్రాలకు కష్టాలు ఇక్కడే మొదలు. చెక్క కుంచించుకుపోయి ఆకులు (చక్రం పుల్లలు) కుండలో, అంటే నడిమి దిమ్మలో, కదులుతాయి, పూటీల (చక్రం అంచు చెక్కల) మీద ఇనుప పట్టా వదులవుతుంది. ఎడ్లబండి ఎరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. రాత్రి చక్రం ఊడదీసి నదిలో నానబెట్టడం తాత్కాలిక వైద్యం, ఆరగానే మళ్లీ మొదటికొస్తుంది. పట్టాకీ పూటీకీ మధ్య చెక్క మేకులు దిగగొడితే ఇంకొన్నాళ్లు ఆగుతుంది. అదీ చాలకపోతే పట్టా తీసి, పూటీ చుట్టూ పల్చటి చెక్క వేసి, పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్లు పోయాలి. చల్లారేటప్పుడు బిగుసుకుంటుంది. కందెన తారు, పశువుల కొవ్వు కలిపినది. దాని బకెట్ బండి కిందే వేలాడుతుండేది.

ఆ పట్టా ఒకటి స్కాట్స్‌బ్లఫ్ ఊరి పక్కన, రైలుకట్ట దగ్గర ఉంది. యూటాకు వెళ్తున్న రెబెకా వింటర్స్ 1852 ఆగస్టు 15న కలరాతో ఇక్కడ చనిపోయింది. చెక్క గుర్తు నిలవదని, బండి చక్రం పట్టాను వంచి, దాని మీద ఉలితో ఆమె పేరు, వయసు 50 అని చెక్కి సమాధి తలాపున పాతారు. వేల సమాధులు ఆనవాలు లేకుండా పోయిన దారిలో ఇది మిగిలింది. సర్వే చేసిన రైల్వేవాళ్లు సమాధి తగలకుండా రైలు పట్టాలు పక్కకు జరిపారు. తర్వాత 1995లో సమాధినే కాస్త దూరం జరిపారు.

మరుసటి ఏడు, 1853లో, అమీలియా నైట్ ఏడుగురు పిల్లలతో, కడుపుతో అయోవా నుంచి బయల్దేరింది. ఎనిమిదో బిడ్డ ఒరెగన్ చేరాక పుట్టింది. దారిలో ఆమె చిన్న కొడుకు చాట్‌ఫీల్డ్ బండి ఎక్కబోతూ దాని కింద పడి, చక్రాలకు చిక్కకుండా బతికి బయటపడ్డాడు. కదిలే బండి ఎక్కుతూ దిగుతూ పిల్లలు పడిపోవడం ఈ దారిలో మామూలు ప్రమాదం.

గెర్న్‌సీలో నది ఒడ్డున చోటు లేక బండ్లన్నీ ఒకే మెత్తటి ఇసుకరాతి గుట్ట ఎక్కాయి. వాటి ఇనుప పట్టాలు కోసిన గాడి కొన్నిచోట్ల అయిదడుగుల లోతు, మనిషి దిగితే ఛాతీ దాకా వస్తుంది. మధ్యాహ్నం వెళ్తే రాయి తెల్లగా మెరిసి లోతు తెలియదు, ఎండ వాలాక వెళ్లండి. గిలకపాములుంటాయి, చెప్పులతో గడ్డిలోకి దిగొద్దు.