పీఎస్ఏ టెస్టు బిల్లు వెంటపడితే తెలిసిన సంగతులు

మా నాన్నకి 62 ఏళ్ల వయసులో ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడింది. అందుకని న్యూయార్క్‌లో ఉంటున్న అన్నయ్యనీ నన్నూ 45 దాటగానే, ఈ క్యాన్సర్‌ని ముందుగా పసిగట్టడానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష చేయించుకోమన్నారు డాక్టర్లు. ఇద్దరం చేయించుకున్నాం. అన్నయ్య ఒక్క డాలరు కట్టలేదు. నాకు మాత్రం డిడక్టిబుల్ కింద, అంటే ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వడం మొదలుపెట్టేముందు మనమే కట్టాల్సిన వాటా కింద, మొత్తం బిల్లు వచ్చింది.

ముందు, పరీక్ష ఎందుకు చేశారో ఇన్సూరెన్స్‌కి చెప్పే కోడ్ తప్పు పడిందేమోనని డాక్టర్ ఆఫీసులో అడిగాను. స్క్రీనింగ్‌కి వాడే జెడ్12.5, కుటుంబంలో ఈ క్యాన్సర్ ఉందని తెలిపే జెడ్80.42, రెండూ సరిగ్గానే వేశారు. ఇన్సూరెన్స్‌కి అప్పీల్ పెట్టాను. దీనికి 180 రోజుల గడువు ఉంటుంది, కాబట్టి కాగితాలన్నీ తీరిగ్గా సర్దుకోవచ్చు. కొన్నాళ్లకి జవాబు వచ్చింది: ఈ పరీక్ష మీ ప్లాన్‌లో ఉచిత నివారణ సేవల కిందకి రాదు.

రొమ్ము క్యాన్సర్‌కి చేసే మామోగ్రామ్ ఉచితమైనప్పుడు ఇదెందుకు కాదు? అమెరికా ఆరోగ్య బీమా చట్టం అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అనే నిపుణుల బృందం 'ఎ' లేదా 'బి' గ్రేడ్ ఇచ్చిన పరీక్షలకి డబ్బు తీసుకోకూడదు. పీఎస్ఏకి 2012లో 'డి' ఇచ్చారు, అంటే చేయించుకోవద్దని. 2018లో 55 నుంచి 69 ఏళ్ల వాళ్లకి 'సి' చేశారు, అంటే డాక్టర్‌తో మాట్లాడి ఎవరికి వారు నిర్ణయించుకోవాలని. అవసరం లేని బయాప్సీలు, చికిత్సలు జరుగుతాయన్న వాళ్ల భయంలో న్యాయం ఉంది. కానీ నల్లజాతి పురుషులు ఈ క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం తెల్లవాళ్లకంటే దాదాపు రెట్టింపు. వాళ్లనీ, తండ్రికో అన్నకో వచ్చినవాళ్లనీ మిగతా అందరితో కలిపి ఒకే గ్రేడ్‌లో పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మరి అన్నయ్యకి ఎలా కుదిరింది? న్యూయార్క్ రాష్ట్రం 2019 జనవరి నుంచి ఈ పరీక్షకి కోపే (ప్రతిసారీ మనం కట్టే చిన్న వాటా), డిడక్టిబుల్ తీసేసింది. 50 దాటిన అందరికీ, కుటుంబంలో ఉంటే 40 నుంచే. అన్నయ్య పనిచేసేది చిన్న కంపెనీలో. వాళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర పాలసీ కొన్నారు కాబట్టి రాష్ట్ర చట్టం దానికి వర్తిస్తుంది. మాది పెద్ద కంపెనీ, సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరున్నా, డబ్బు పెట్టేది మా కంపెనీయే. కంపెనీలు ఉద్యోగులకిచ్చే ప్లాన్ల గురించిన 1974 నాటి ఫెడరల్ చట్టం ఎరిసా వల్ల ఇలాంటి ప్లాన్ల మీద రాష్ట్రాల మాట చెల్లదు. న్యూయార్క్ రాష్ట్ర రాజధాని అల్బనీలో ఎంత మంచి చట్టం చేసినా నాదాకా రాదన్నమాట.

అప్పుడు హెచ్ఆర్‌కి రాశాను. సెల్ఫ్ ఫండెడ్ కంపెనీ తలుచుకుంటే ఈ పరీక్షని ఉచితం చేయొచ్చు. రాతపూర్వకంగా అడిగితే ప్లాన్ పత్రం 30 రోజుల్లో ఇవ్వాలి కూడా. ఆఫీసులో నాలాంటివాళ్లు ఇంకొందరు సంతకాలు పెట్టారు. వచ్చే ప్లాన్ సంవత్సరం నుంచి, కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవాళ్లకి పీఎస్ఏ చేరుస్తామని ఒప్పుకున్నారు. నా పాత బిల్లు మాత్రం నేనే కట్టాను.

అన్ని కంపెనీలూ ఇలా ఒప్పుకోవు. అందుకే అమెరికా కాంగ్రెస్‌లో పెట్టిన 'పీఎస్ఏ స్క్రీనింగ్ ఫర్ హిమ్' అనే చట్టం బిల్లు గట్టెక్కాలని నా కోరిక. నల్లజాతి పురుషులకీ, కుటుంబంలో ఉన్నవాళ్లకీ 40 ఏళ్ల నుంచి ఉచిత పరీక్ష ఇవ్వాలంటుంది. ఫెడరల్ చట్టం కాబట్టి సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లూ తప్పించుకోలేవు. సెనేట్‌లో డెమోక్రాట్ కోరీ బుకర్, రిపబ్లికన్ జాన్ బూజ్‌మన్ కలిసి తెచ్చారు. కాంగ్రెస్ రెండేళ్ల కాలం ముగిస్తే పాస్ కాని బిల్లులన్నీ పోతాయి. దీనికీ అదే జరిగింది, 2025లో మళ్లీ పెట్టారు.

కాంగ్రెస్‌లో మా ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేసి ఆరోగ్య విషయాలు చూసే సిబ్బందితో మాట్లాడాను. అన్నయ్య బిల్లూ నా బిల్లూ, పేర్లు కొట్టేసి, పక్కపక్కన పెట్టి పంపాను. గ్రేడ్లూ ఎరిసా గురించి నేను ఎంత చెప్పినా రాని ప్రశ్నలు, ఆ రెండు కాగితాలు చూశాక వాళ్లే అడిగారు.